ముప్పై ఒకటో పేజీ

వరంగల్,
జూలై 6

రుహీ,

...ఇంకా సమ్మమ్మ ఏం చేసిందంటే, అది చెప్పేలోపే నిన్న కాగితం అయిపోయింది. ఆ ఉత్తరం పొద్దున్నే డబ్బాలో వేసేశాను, మిగతాది ఇందులో చదువుకో. మీరు వెళ్లిన మర్నాడు నాలా వెడల్పు చేయడానికి జేసీబీ మన వరసలోకి వచ్చింది. సమ్మమ్మ గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని పోయి దాని ముందు నిలబడింది. "ఓ కొడుకా, జర ఆగు. నా దుకాణం దర్వాజకు లచ్చిందేవి బొమ్మ ఉన్నది. నాలా మళ్ళన్న తవ్వచ్చు గని గా తల్లి మళ్ళ దొర్కదు" అంది. డ్రైవర్ ఇంజన్ ఆపి, దిగి, తనే మేకులు పీకి ఇచ్చాడు. తర్వాత మళ్లీ ఎక్కి దుకాణం కూల్చేశాడు.

నిన్న మన బజార్ వ్యాపారుల ఛాంబర్ మీటింగ్ జరిగింది. డాడీ కార్యదర్శి కదా, రిజిస్టర్ మోయడానికి నన్ను కూడా తీసుకెళ్లాడు. అధ్యక్షుడు మహిపాల్ అంకుల్ సంగతి తెలుసుగా, మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే ఉంటుంది. "నూలు బజార్ ఏటేట మునుగుతాంది, నాలా ఎడల్పు చేస్తమన్నరు. మనం వద్దన్లే. కని ఒడ్డుమీది నలభై రెండు దుకాణాలోళ్లు యాడికి పోవాలె అని అడిగినం. దుకాణం దుకాణానికి ఒక పేజీ, ఫోటో పెట్టి ఫైల్ కట్టినం. ఒక రోజు బజార్ బంద్ పెట్టినం. మున్సిపల్ ఆఫీసుల సుట్టు తిరిగినం. కొత్త కాంప్లెక్సుల గదులు తెచ్చినం. నలభై ఒక్క గదులు!"

అందరూ చప్పట్లు కొట్టారు. సమ్మమ్మ ఒక్కతే కొట్టలేదు. "మన ఛాంబర్ అంటే ఒక్కనికి కడుపునొస్తే నలభై ఇద్దరం మూలుగుడు గద. మరి గా నలభై రెండోడు యాడున్నడు మహిపాలూ?" అని అడిగింది. ఆయన గ్లాసెత్తి నీళ్లు తాగాడు.

తర్వాత నన్ను చూపించి, "ఫైల్ మొత్తం ఇంగ్లీషుల చేసింది మన సుదర్శన్ బిడ్డె. ప్రెస్సోడు గూడ గంత మంచిగ చెయ్యడు" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను రిజిస్టర్ అట్ట వైపు చూస్తూ కూర్చున్నాను.

మా జంపఖానాల దుకాణానికి పదిహేడో నంబర్ గది వచ్చింది. నీకు వాట్సాప్ చేస్తే నెల పైనుంచీ ఒక్క టిక్కే పడుతోంది. ఫోన్‌కేమైంది? అందుకే పోస్టు. తెలుగులో ఇంత పొడుగు రాయడం నాకిదే ఫస్ట్ టైమ్. తప్పులు చూసి నవ్వుకో.

పాషా మామ ఎలా ఉన్నాడు?

నీ
ఇందు

*

నెక్కొండ,
జూలై 15

ఇందూ,

రెండు ఉత్తరాలూ ఒక్కనాడే వచ్చినయి. పోస్టాయన "గీ కాలంల గూడ ఉత్తరాలు రాసెటోళ్లు ఉన్నరా" అని కవర్ అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చిండు.

నా ఫోన్ ఇనుప పెట్టెలో ఉన్నది. తాళంచెవి నాయిన మొలతాడుకు. ఎందుకో నీకు తెలియదా? అయితే మీ ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేదు.

ఏప్రిల్‌లో మీ డాడీ అందరికీ ఒకటే మాట చెప్పిండు కదా. "ఫోటో తీసేనాడు సామానంత లోపట, షట్టర్ కిందికి, ఒక్క చీపురు గూడ బయట కనవడద్దు" అని. నాయిన అట్లనే చేసిండు. ఫోటో నేనే తీసిన. నాయినకు పంపుడు రాదు కాబట్టి మీ డాడీ నంబర్‌కు పంపింది కూడా నేనే.

మే నెలలో ఫైల్ తిరిగొచ్చింది. మా పేజీ మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత. అందులో ఉన్నది షట్టర్ ఫోటో కాదు. రంజాన్‌కు మూడు రోజుల ముందు దుకాణానికి సున్నం వేసేటందుకు దూది ఏకే మిషన్ ఒక్క పూట బయట పెట్టినం, గుర్తుందా? నేను దూది కుప్ప మీద కూర్చొని నవ్వుతుంటే నువ్వు తీసి నాకు పంపినవ్. ఆ ఫోటో. మిషన్ కాళ్లు నాలా మీది స్లాబు మీద ఉన్నయి. నాలాను ఆక్రమించిండ్రు, గది ఇవ్వం అని రాసిండ్రు.

నాయిన ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి "ఏది పంపినవ్?" అన్నడు. "షట్టర్‌దే పంపిన నాయినా" అన్న. "మరి గిండ్ల నవ్వుతున్నది ఎవలు?" అన్నడు. అంతే. మళ్ల నాతోని మాట్లాడలేదు. దూదేకినట్టు ఏకినా బాగుండు. ఏమన్నా ఉంటే అమ్మకు చెప్తడు. "దాన్ని అన్నం తినుమను షహనాజ్." నేను పక్కనే ఉంట.

ఇక్కడ స్టేషన్ దగ్గర రేకుల షెడ్డులో మిషన్ పెట్టినం. దూది ఎగిరి రేకులకు అంటుకుంటది. అమ్మ, నేను దూది నింపి రజాయిలు కుడుతున్నం. ఇంటర్ మాట ఎవరూ ఎత్తడం లేదు.

పదిహేడో గది వచ్చినందుకు సంతోషం. నిజంగనే.

నీ
రుహీ

*

వరంగల్,
ఆగస్టు 3

రుహీ,

లేటుగా రాస్తున్నా, ఏమనుకోకు. జ్వరం వచ్చింది. కాలేజీలో చేరాక టైమ్ కూడా దొరకడం లేదు.

నీ ఉత్తరం చదివాను. నువ్వు అంత బాధపడకు. ఒక్కోసారి ఎలా జరుగుతుందో ఎవరికీ తెలియదు. ఫైల్ చాలామంది చేతులు మారింది, ఆఫీసులో కూడా ఏదైనా జరిగి ఉండొచ్చు. డాడీ మాత్రం మన దగ్గరికి వచ్చిన ఫోటోనే పెట్టామంటున్నాడు. ఆయన కూడా ఫీలవుతున్నాడు. ఫైల్ ఎప్పుడు తీసినా ముందు మీ పేజీనే తెరుస్తాడు. ముప్పై ఒకటో పేజీ. చూసి మూసేస్తాడు.

నా కెమిస్ట్రీ నోట్స్ జిరాక్స్ తీసి పంపుతున్నా. వచ్చే ఏడాది నువ్వు చేరినప్పుడు పనికొస్తుంది. నీలం ఇంకుతో గీసినవి ఇంపార్టెంట్.

ఒకటి అడగనా? ఫోన్ పెట్టెలో పెట్టేముందు, నువ్వు పంపిన ఫోటో ఏదో మళ్లీ చూశావా?

ఊరికే అడిగాను.

ఇందు

*

నెక్కొండ,
సెప్టెంబర్ 12

ఇందూ,

చూడలేదు. చూద్దామని చెయ్యి చాపేలోపే నాయిన ఫోన్ గుంజుకున్నడు. అప్పుడే చూసి ఉంటే ఏదో ఒకటి తెలిసేది.

నాయిన మొన్న వరంగల్ వచ్చిండు. మీ ఇంటికి రాలేదు, సక్కగ ఛాంబర్‌కే పోయిండు. జరిగింది అమ్మకు చెప్తుంటే విన్న. నాయిన పోంగనే ఎవరో "ఏం పాషన్నా, నెక్కొండల దూది మంచిగ ఎగురుతాందా?" అన్నరట. నాయిన నవ్విండట. "ఎగురుతాంది, మీ ఛాంబర్ దాక రాలే గని" అన్నడట. మా నాయిన సంగతి నీకు తెలుసు కదా, ఏడ్చేకాడ నవ్వుతడు.

తర్వాత అసలు మాట అడిగిండు. "ఆ మిషన్ సున్నం నాడు ఒక్క పూట బయట ఉన్నది. బజార్ మొత్తానికి ఎరుకే. నా తరఫున ఒక్క కాగితం రాయుండ్రి" అని. మహిపాల్ సార్ "ఎట్ల రాయాలె పాషన్నా? ఫోటో నువ్విచ్చిందే గద. నీ ఒక్క ఫైల్ మళ్ళ తెరిపిస్తే మిగతా నలభై ఒక్కటి తెరుస్తరు. ఎవని సామాన్ ఏ నాడు స్లాబు మీద లేకుండె చెప్పు?" అన్నడట. నాయిన "గా ఫోటో నేనియ్యలే" అంటే, వెనక నుంచి ఒకాయన "నువ్వియ్యకుంటె నీ బిడ్డె ఇచ్చింది. పిల్లలకు ఫోన్లు ఇస్తె గిట్లనే ఉంటది" అన్నడట. అందరూ నవ్విండ్రు. మీ డాడీ ఒక్కడే లేచి, తన కుర్చీ నాయినకు వేసి, బయటికి తోలుకపోయి చాయ్ తాగిపిచ్చిండట.

మీ డాడీ చెప్పిందేందంటే, నవంబర్ ఇరవై వరకు ఆఫీసోళ్లు అభ్యంతరాలు తీసుకుంటరు. మెంబర్ ఇచ్చిన ఫోటో వేరే, ఫైల్‌లో పడ్డది వేరే అని ఛాంబర్ రాసిస్తే మళ్ల విచారిస్తరు. కానీ దానికి ఆధారం కావాలె.

నా ఫోన్ నాయిన పెట్టెలో నుంచి తియ్యనిస్తలేడు. ఆధారం మీ డాడీ ఫోన్‌లో కూడా ఉంటది ఇందూ. ఏప్రిల్ తొమ్మిది, మధ్యాహ్నం పంపిన. జర చూడు. నేను తప్పు ఫోటో పంపితే తప్పు ఫోటో అనే రాయి. తట్టుకుంట. తెలియకపోవుడే తట్టుకోలేకపోతున్న.

నోట్స్ అందినయి. నీలం గీతలన్నీ చదివిన.

నీ
రుహీ

*

వరంగల్,
అక్టోబర్ 1

రుహీ,

డాడీ ఫోన్ మార్చాడు. పాత చాట్స్ అన్నీ పోయాయి. సారీ.

కొత్త కాంప్లెక్సు బాగుంది. టైల్స్ వేశారు, పైకి ర్యాంప్ ఉంది, బండి లోపలికి వస్తుంది. సమ్మమ్మ లక్ష్మీదేవి బొమ్మను కొత్త షట్టర్‌కు కొట్టించింది కానీ షట్టర్ పైకి తీస్తే దేవత కూడా చుట్టుకుని లోపలికి పోతోందని ఒకటే గొడవ. "పగలంత దాస్కొని రాత్రి కావలి ఉంటదా ఈమె" అంటోంది. నువ్వుంటే నవ్వి నవ్వి చచ్చేదానివి.

మా పక్క గది, పద్దెనిమిదోది, ఖాళీగానే ఉంది. ఎవరికిస్తారో తెలియదు.

నాకు యూనిట్ టెస్టులున్నాయి. ఉంటాను.

ఇందు

*

నెక్కొండ,
నవంబర్ 13

ఇందూ,

సరే.

ఇక్కడ చలి మొదలైంది. రజాయిలకు పని బాగనే ఉన్నది.

నీకొకటి చెప్పాలె. మొన్న శుక్రవారం నమాజ్ నుంచి నాయిన రాంగనే నేనే పోయి చెప్పిన. "నాయినా, తప్పు ఫోటో నేనే పంపిన. తెలియక చేసిన. నన్ను మాఫ్ చెయ్యి" అని. అంగీకి అంటిన దూది ఒక్కొక్క పోగు తీసుకుంట కూర్చున్నడు. తర్వాత "పోనీ తియ్యి బిడ్డా. పైసలు కాదు పానం కాదు, ఒక్క గదే గద" అన్నడు. మే నెల నుంచి నాతోని మాట్లాడిన మొదటి మాట. ఇద్దరం ఏడ్చినం. అమ్మ చాయ్ పెట్టింది.

నిజంగ నేనే పంపిన్నో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ రోజూ అదే ఆలోచించి ఆలోచించి, ఇప్పుడు నా వేలు ఆ ఫోటో మీద పడ్డట్టు కండ్ల ముందు కనిపిస్తున్నది. పడే ఉంటది.

నాయిన ఒక కాగితం రాసిండు. మా బిడ్డ చిన్నది, తెలియక తప్పు ఫోటో పంపింది, దయచేసి క్షమించుండ్రి అని. కింద నేను కూడా సంతకం పెట్టిన. ఇరవయ్యో తారీకు పొద్దున పది గంటలకు ఛాంబర్‌లో ఇస్తడు. గది రాకున్నా సరే. నాయిన మాట్లాడుతున్నడు, నాకు అది చాలు.

నువ్వు ఫోన్ వెతికినందుకు థాంక్స్. నిన్ను ఇబ్బంది పెట్టిన.

రుహీ

*

వరంగల్,
నవంబర్ 19, సాయంత్రం

రుహీ,

నీ వేలు ఏ తప్పు ఫోటో మీదా పడలేదు. ముందు ఇది చదువు, మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు. నువ్వు పంపింది షట్టర్ ఫోటోనే. ఏప్రిల్ తొమ్మిది, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు. డాడీ ఫోన్ మార్చలేదు. ఆ ఫోటో ఇప్పటికీ అందులోనే ఉంది. నువ్వు అడిగిన రోజే చూశాను. చూసి, నీకు అబద్ధం రాశాను.

ఫోటో మార్చింది నేను.

మా స్కూల్లో ప్రాజెక్ట్ వర్క్ అంటే బొమ్మలకే సగం మార్కులు. ఎంత బాగా అతికిస్తే అంత. ఛాంబర్ ఫైల్ నా చేతికి వచ్చినప్పుడు నాకు అదీ ఒక ప్రాజెక్టే. ప్రతి పేజీకి బోర్డర్ వేశాను, ఫోటో కింద ఇంగ్లీషులో పేరు, వ్యాపారం. వరసగా ముప్పై పేజీలు షట్టర్లే. అన్నీ బూడిద రంగు. మీ పేజీ దగ్గరికి వచ్చాను. నువ్వు పంపిన ఫోటోలో బోర్డు మీద ఎండ పడి మెరుస్తోంది. 'రుహీ బెడ్డింగ్ వర్క్స్'లో రుహీ అసలు కనబడడం లేదు. ఆఫీసర్లు నీ పేరు చదవాలనిపించింది. నా ఫోన్‌లో సున్నం రోజు ఫోటో ఉంది కదా. బోర్డు నిండుగా ఉంది. తెల్లటి దూది, కొత్త సున్నం, నువ్వు. ఫైల్ మొత్తంలో మనిషి ఉన్న పేజీ అదొక్కటే అవుతుంది, వాళ్లకు నచ్చి ముందు మీకే గది ఇస్తారు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను రుహీ. మిషన్ కాళ్లు ఎక్కడున్నాయో నేను చూడనేలేదు. నీ ముఖమే చూశాను.

డాడీ ముందే చెప్పాడు. "బిడ్డా, ఎవలు ఏ ఫోటో ఇస్తే గదే పెట్టు. మనం ఏం కలుపద్దు, ఏం తియ్యద్దు. ఆఫీసోళ్లకు రాసేకాడ చెప్పేదానికంటె చెప్పకుండ ఊకునేదే ఎక్కువ ఉంటది." మొదటి మాట వినలేదు. రెండోది మాత్రం బాగా నేర్చుకున్నాను.

మేలో ఎర్ర గీతతో ఫైల్ వచ్చినప్పుడు డాడీ నన్ను పిలిచి, "పాషన్న పంపిన ఫోటోనే పెట్టినవా?" అని అడిగాడు. "అవును డాడీ" అన్నాను. అప్పుడే కాదని ఉంటే ఒక్క రోజు తిట్లతో పోయేది, మీకు కూడా గది వచ్చేదేమో. డాడీ తన ఫోన్ తెరిచి చూసుకోలేదు. నా మాట చాలనుకున్నాడు.

మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు మీరు సామాను సర్దుతున్నారు. మామ మిషన్‌కు తాడు కడుతూ నన్ను చూసి, "ఇందమ్మా, కాలేజీకి పోయినంక మమ్ముల మర్వకు" అన్నాడు. ఆ తాడు రెండో కొస పట్టుకున్నది నేనే. అయినా చెప్పలేదు.

భయం. డాడీ కార్యదర్శి పని పోతుందని. మళ్లీ విచారణ పెడితే నలభై ఒక్క మందీ మా ఇంటి మీదికి వస్తారని. అవన్నీ జరగొచ్చు, ఇప్పుడూ భయంగానే ఉంది. కానీ ఈ రోజు పొద్దున మహిపాల్ అంకుల్ డాడీతో ఫోన్‌లో మాట్లాడుతుంటే స్పీకర్‌లో విన్నాను. "పాషన్ననే తప్పు మాదేనని రాసిస్తడట. ఇగ మనకు రంది లేదు సుదర్శనూ. మెంబరే ఒప్పుకున్నడని కవరింగ్ లెటర్ కొట్టి ఇచ్చేద్దాం. ముప్పై ఒకటి మూసినట్టే" అన్నాడు. ఆ లెటర్ టైప్ చేయాల్సింది నేనే.

మీ నాయిన క్షమించమని ఇచ్చే కాగితంతోనే మీ ఫైల్ ఎప్పటికీ మూసేస్తారు. ఆ కాగితం కింద నీ సంతకం ఉంది. చెయ్యని పనికి.

మామ నంబర్ మూడుసార్లు నొక్కాను. మోగకముందే కట్ చేశాను. ఫోన్ ఎత్తి "ఇందమ్మా" అంటాడు కదా, ఆ తర్వాత నేనేమనాలో తెలియలేదు. అందుకే ఇలా రాస్తూ కూర్చున్నా. రెండు ఫోటోలూ ప్రింట్ తీశాను. నువ్వు పంపింది, పక్కనే వాట్సాప్‌లో వచ్చిన తేదీ, టైమ్. నేను తీసింది, దాని కింద నా ఫోన్‌లో ఉన్న తేదీ, రంజాన్‌కు మూడు రోజుల ముందు. మిషన్ సున్నం నాడే బయట ఉందని ఎవరికైనా తెలుస్తుంది. ఇంత సులువు. ఏడు నెలలు నా దగ్గరే ఉంది.

ఇప్పుడు టైమ్ చూశాను. ఐదున్నర. పోస్టు డబ్బా నాలుగింటికే తీసేసి ఉంటారు. రేపు వేస్తే నీకు చేరేసరికి మూడు నాలుగు రోజులు. మామ రేపు పొద్దున పదింటికే కాగితం ఇచ్చేస్తాడు. నీకు ఈ నిజం చెప్పినా ఇప్పుడు దేనికీ పనికిరాదు. నాకది తెలుసేమో. తెలిసే ఉత్తరం రాస్తున్నానేమో, ఉత్తరమైతే ఎదురుగా ఎవరూ ఉండరని.

రుహీ, నువ్వు నన్ను మాఫ్ చెయ్యి అని అడగను. నువ్వు మామను అడిగావు కదా ఆ మాట, నా బదులు. అది

తలుపు కొడుతున్నారు.

డాడీ. "ఇందూ, మహిపాలన్న వచ్చిండు. ఛాంబర్ ఫైల్ నీ కాడనే ఉన్నదా? జర తే బిడ్డా, రేపటి లెటర్ కొట్టాలె."

కాగితాలు దాచాలి. పరుపు కింద, కెమిస్ట్రీ బుక్కులో, నీ ఉత్తరాలు పెట్టే బట్టల అడుగున, ఎప్పుడూ దాచే చోట్లన్నీ ఉన్నాయి.

ఫోటోలతో కలిపి మడిచి ఫైల్‌లో పెడుతున్నా. డాడీ ముందు తెరిచే ముప్పై ఒకటో పేజీలో.

మళ్లీ కొడుతున్నాడు